చెరువు మీద నొక్కితే లెక్క రావాలి: టికింటర్‌లో మౌస్, విండో ఈవెంట్లను పట్టుకోవడం ఎలా

మా బాబాయికి పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల మండలంలో తొమ్మిది రొయ్యల చెరువులు. ఏ చెరువులో సీడ్ (రొయ్యపిల్లలు) ఎప్పుడు వదిలిందీ, నిన్న ఎన్ని కేజీల మేత వేసిందీ, నీళ్లకు గాలి పట్టించే ఏ ఏరేటర్ మోటారు కాలిపోయిందీ అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో ఉండేవి. ఒక వానాకాలం ఆ పుస్తకం తడిసి ముద్దయింది. "నీకు కంప్యూటరొచ్చు కదరా, చెరువుల బొమ్మ గీసిపెట్టు. చెరువు మీద నొక్కితే దాని లెక్క రావాలి, అంతే" అన్నాడు. పైథాన్‌లో విండోలు తయారుచేసే లైబ్రరీ టికింటర్‌తో బొమ్మ గీయడానికి ఒక సాయంత్రం సరిపోయింది. ఆ "నొక్కితే" దగ్గరే నాకు మూడు నెలలు పోయాయి. మీకు అన్ని నెలలు పోకూడదని ఇది రాస్తున్నాను.

పైథాన్‌లో ఫంక్షన్లు, క్లాసులు కాస్త తెలిసి ఉంటే చాలు. ఇక్కడ పైథాన్ పేర్లన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. మీరు సొంతంగా పెట్టుకునే ఫంక్షన్ల పేర్లు పైథాన్ 3లో తెలుగులో పెట్టుకున్నా పనిచేస్తాయి. కాకపోతే తెలుగు కీబోర్డులు అక్షరాల మధ్య కంటికి కనపడని ఒక గుర్తును దూరుస్తుంటాయి, అది పడితే పైథాన్ ఒప్పుకోదు. అందుకే నేను ఆ జోలికి పోను.

విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే టికింటర్ దాంతోపాటే వస్తుంది. ఉబుంటులో పైథాన్3-టీకే అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. టికింటర్ కింద అసలు పని చేసేది టీకే, జాన్ ఔస్టర్‌హౌట్ 1991లో బయటికి తెచ్చిన సరుకు. పాతదే, కానీ చెరువు గట్టు మీది షెడ్డులో ఉండే పాత కంప్యూటర్ మీద కూడా బరువనిపించకుండా నడుస్తుంది.

1. ముందు వంతుల సంగతి అర్థం చేసుకోండి

మామూలు పైథాన్ ప్రోగ్రాం పైనుంచి కిందికి నడిచి అయిపోతుంది. విండో ప్రోగ్రాం అలా కాదు. విండో తయారుచేస్తారు, అందులో కాన్వాస్ (బొమ్మలు గీసే పలక) పెడతారు, "ఫలానాది జరిగితే ఈ ఫంక్షన్‌ను పిలువు" అని చెప్పిపెడతారు, చివరికి మెయిన్‌లూప్‌ను పిలుస్తారు. ఆ తర్వాత మీ ప్రోగ్రాం కాచుకుని కూర్చుంటుంది. మౌస్ కదిలినా, బటన్ నొక్కినా, విండో సైజు మారినా ఒక్కొక్కటీ ఒక ఈవెంట్‌గా వరుసలో చేరుతుంది. మెయిన్‌లూప్ ఒక్కో ఈవెంట్‌నే తీసుకుని, దానికి కట్టిన ఫంక్షన్‌ను పిలిచి, అది తిరిగొచ్చాకే తర్వాతదాన్ని ముట్టుకుంటుంది.

డెల్టాలో పెరిగినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. దాళ్వాలో (రెండో పంటకు) నీళ్లు తక్కువైతే కాలువలకు వంతులు పెడతారు. తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడిందా, వెనకున్న బోదెలన్నీ (పొలాలకు పోయే చిన్న కాలువలు) ఎండుతాయి. మీ ఫంక్షన్‌లో పది సెకన్ల స్లీప్ పెట్టారంటే ఆ గుర్రపుడెక్కను మీరే తెచ్చి తూములో తోసినట్టు. ఆ పది సెకన్లూ విండో గీసుకోదు, నొక్కులు వినదు, మూసినా మూసుకోదు. 5 సెకన్ల పాటు విండో ఏ ఈవెంట్‌నూ అందుకోకపోతే విండోస్ దాన్ని పాలిపోయిన రంగులోకి మార్చి పైన "నాట్ రెస్పాండింగ్" అని రాస్తుంది. ప్రోగ్రాం చచ్చిపోయిందనుకుని చూసేవాళ్లు టెన్షన్ పడి ఇంకో పదిసార్లు నొక్కుతారు. ఆ పది నొక్కులూ వరుసలోనే ఉంటాయి. అడ్డు తొలగగానే అన్నీ ఒక్కసారి మీదపడతాయి.

కాబట్టి ఆగాల్సిన పని ఉంటే స్లీప్ బదులు ఆఫ్టర్ వాడండి: ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత ఈ ఫంక్షన్‌ను పిలవమని చెప్పి వెంటనే తిరిగి వచ్చేయడం. ఇంటర్నెట్ నుంచి ధరలు తెచ్చుకోవడంలాంటి నిజంగా పొడుగు పనులను వేరే థ్రెడ్‌కు (అదే ప్రోగ్రాంలో పక్కన విడిగా నడిచే దారికి) అప్పగించండి. ఆ థ్రెడ్ మాత్రం విండోలోని దేన్నీ నేరుగా తాకకూడదు. జవాబును ఒక క్యూలో పడేస్తే, ఇటువైపు ఆఫ్టర్‌తో 200 మిల్లీసెకన్లకోసారి క్యూలో ఏముందో చూసుకోవచ్చు.

2. ఒక నొక్కును పట్టుకోండి

ఈవెంట్‌కు ఫంక్షన్‌ను కట్టేది బైండ్, దాన్ని కాన్వాస్ మీద పిలవాలి. మొదటి విలువ ఈవెంట్ పేరు: కోణపు బ్రాకెట్ల మధ్య బటన్, ఒక హైఫన్, 1. బటన్‌లో మొదటి అక్షరం పెద్దది. ఎడమ బటన్ నొక్కారని దాని అర్థం. రెండో విలువ మీ ఫంక్షన్ పేరు. పేరు మాత్రమే, వెనక బ్రాకెట్లు పెట్టకండి. పెడితే ఆ ఫంక్షన్ అప్పుడే నడిచి ఊరుకుంటుంది, నొక్కినప్పుడు ఉలకదు పలకదు. కొత్తవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఈ బ్రాకెట్ల దగ్గరే తేలతాయి.

ఆ ఫంక్షన్‌కు ఈవెంట్ అనే వస్తువు ఒకటి చేతికొస్తుంది. అందులో ఎక్స్, వై ఉంటాయి. కాన్వాస్ ఎడమ పైమూలనుంచి కొలుస్తారు, వై కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. బడిలో గీసిన గ్రాఫుకు తలకిందులు, ఒకటి రెండు రోజుల్లో అలవాటవుతుంది. స్క్రీన్ మొత్తం మీద ఎక్కడ నొక్కారో కావాలంటే ఎక్స్-రూట్, వై-రూట్ ఉన్నాయి (మధ్యలో అండర్‌స్కోర్; ఇకపై ఫంక్షన్ల పేర్ల మధ్య నేను గీత పెట్టిన చోటల్లా అండర్‌స్కోరే, ఈవెంట్ పేర్లలో మాత్రం నిజంగా హైఫనే). కాన్వాస్‌కు స్క్రోల్ పెట్టారా, ఎక్స్‌ను కాన్వాస్ఎక్స్‌తో, వైని కాన్వాస్‌వైతో మార్చుకోకపోతే స్క్రోల్ చేసినంత మేర లెక్క తప్పుతుంది.

ఏదీ రాయకముందే ఈ విలువలను ప్రింట్ చేసి, పది నిమిషాలు ఊరికే నొక్కుతూ చూడండి.

3. ఏ చెరువు మీద నొక్కారు?

నేను మొదట ఫైండ్-క్లోజెస్ట్ వాడాను. పేరులోనే ఉంది, దగ్గరలో ఉన్నదాన్ని ఇస్తుంది. గట్టు మీద నొక్కినా, రోడ్డు మీద నొక్కినా, ఖాళీ చోట నొక్కినా ఏదో ఒక చెరువును పట్టుకొచ్చేది. "గట్టు మీద నొక్కితే చెరువులో పడేస్తుందేంట్రా" అన్నాడు బాబాయి. సరిగ్గా ఆ చుక్క కింద ఏముందో కావాలంటే ఫైండ్-ఓవర్‌ల్యాపింగ్‌కు అదే ఎక్స్, వైలను రెండుసార్లు ఇవ్వండి. ఏమీ లేకపోతే ఖాళీ జవాబే వస్తుంది.

అంతకంటే సులువైన దారి ట్యాగ్-బైండ్. ఒక్కో చెరువుకు ఒక ట్యాగ్ (మనం తగిలించే గుర్తు పేరు) ఇచ్చి, ఆ ట్యాగ్‌కే ఫంక్షన్ కట్టేయడం. ఇందులో మూడు గుంటలున్నాయి, మూడింట్లోనూ నేను కాలు పెట్టాను.

చెరువు గీసిన దీర్ఘచతురస్రం ఒక వస్తువు, దాని మీద రాసిన "నాలుగో చెరువు" అనే అక్షరాలు ఇంకో వస్తువు. అక్షరాల మీద నొక్కితే ఆ నొక్కు అక్షరాలకే వెళుతుంది, కింద ఉన్న చెరువుకు తెలియదు. రెండింటికీ ఒకే ట్యాగ్ పెట్టండి.

ట్యాగ్‌గా ఉత్త అంకె ఇవ్వకండి. "4" అని ఇస్తే కాన్వాస్ దాన్ని ట్యాగ్ అనుకోదు, తాను నాలుగోసారి గీసిన వస్తువు నంబరు అనుకుంటుంది. ముందు ఒక అక్షరం తగిలించండి.

మూడోది లాంబ్డా, అంటే పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్. తొమ్మిది చెరువులకు ఫర్ లూప్‌లో లాంబ్డాలు కట్టాను. ఏ చెరువు మీద నొక్కినా తొమ్మిదో చెరువు లెక్కే వచ్చేది. కారణం, లాంబ్డా లోపల ఉన్న నంబరును పైథాన్ కట్టినప్పుడు చూడదు, పిలిచినప్పుడు చూస్తుంది. అప్పటికి లూప్ అయిపోయి నంబరు తొమ్మిది దగ్గర ఆగి ఉంటుంది. లాంబ్డాకు రెండో పారామీటర్ ఒకటి పెట్టి, దాని డీఫాల్ట్ విలువగా ఆ నంబరును ఇచ్చేయండి. కట్టే క్షణంలోని విలువ అక్కడే నిలిచిపోతుంది.

4. లాగడం, నొక్కడం వేరు చేయండి

బొమ్మలో చెరువులను అటూ ఇటూ జరుపుకోవాలంటే మూడు ఈవెంట్లు కావాలి: బటన్-1, బీ1-మోషన్, బటన్‌రిలీజ్-1. నొక్కినప్పుడు ఏ చెరువు, ఎక్కడ నొక్కారు అన్నది దాచుకోండి. కదిలినప్పుడు గత చోటుకీ ఇప్పటి చోటుకీ తేడా ఎంతో లెక్కగట్టి చెరువును అంత జరపండి. వదిలినప్పుడు కొత్త చోటును ఖాయం చేయండి. నొక్కి పట్టుకుని మౌస్‌ను విండో బయటికి లాక్కుపోయినా బెంగ లేదు. బటన్ వదిలేదాకా కదలికలు, చివరికి వదిలిన ఈవెంట్ కూడా మీ కాన్వాస్‌కే వస్తాయి.

దీన్ని ఇలాగే రాసి బాబాయికి ఇచ్చాను. నెల తర్వాత వెళ్లి చూస్తే బొమ్మలో నాలుగో చెరువు మురుగు కాలువ మీదికెక్కి కూర్చుంది. ఎవరూ లాగలేదు. ఆయన నొక్కిన ప్రతిసారీ చెయ్యి ఒకటి రెండు పిక్సెళ్లు జరుగుతోంది, ప్రోగ్రాం దాన్ని లాగడంగా తీసుకుంటోంది. రోజుకు నాలుగు పూటల మేత లెక్క, ఎప్పుడూ కుడివైపుకే జారే చెయ్యి. మీరే లెక్కేసుకోండి.

మందు తేలికే. నొక్కిన చోటునుంచి 5 పిక్సెళ్లు దాటేవరకు ఏదీ జరపకండి. దాటిన క్షణంలో "ఇది లాగుడు" అని ఒక జెండా ఎత్తండి. వదిలినప్పుడు జెండా ఎత్తి ఉంటే చోటు మారినట్టు, లేకపోతే ఉత్త నొక్కు. అంటే ఆ నొక్కు నొక్కో లాగుడో తేలేది వదిలినప్పుడే. చెరువును ఎంచుకోవడం కూడా అక్కడే చేయండి.

5. డబుల్ క్లిక్‌తో జాగ్రత్త

బాబాయి అన్నింటినీ రెండుసార్లు నొక్కుతాడు. బటన్లనూ, మెనూలనూ కూడా. కంప్యూటర్ అంటే రెండుసార్లు నొక్కేదని ఎవరో మొదటిరోజు చెప్పారట, అది అలా ఉండిపోయింది. మీ ప్రోగ్రాం వాడేవాళ్లలోనూ ఇలాంటివారు తప్పక ఉంటారు.

డబుల్-బటన్-1 కట్టినంత మాత్రాన సింగిల్ ఆగదు. మొదటి నొక్కుకు బటన్-1 వచ్చేస్తుంది, అది డబుల్‌లో సగమని టీకేకు ముందే ఎలా తెలుస్తుంది? రెండో నొక్కుకు బటన్-1 రాదు, డబుల్ మాత్రమే వస్తుంది. కానీ బటన్‌రిలీజ్ రెండుసార్లూ వస్తుంది. పైన చెప్పినట్టు అంతా రిలీజ్‌లో తేల్చుకుంటున్నవాళ్లకు ఇక్కడే దెబ్బ: రెండో రిలీజ్ వచ్చేసరికి "ఎక్కడ నొక్కారు" అన్న వివరం పాతదో ఖాళీదో అయి ఉంటుంది. రిలీజ్ ఫంక్షన్ మొదట్లోనే ఆ వివరం ఉందో లేదో చూసి, లేకపోతే ఊరికే తిరిగొచ్చేయండి. పని అయ్యాక దాన్ని ఖాళీ చేయడం మరవకండి.

ఇంకోటి. ట్రిపుల్ కట్టకపోతే మూడో నొక్కుకు కూడా డబుల్ ఫంక్షనే పిలవబడుతుంది. విసుగొచ్చి మూడుసార్లు నొక్కినవాళ్లకు లెక్కల కిటికీలు రెండు తెరుచుకుంటాయి. తెరిచే ముందు అది ఇప్పటికే తెరిచి ఉందేమో చూసి, ఉంటే దాన్నే పైకి తీసుకురండి.

సింగిల్ క్లిక్‌ను కొద్దిసేపు ఆపి, డబుల్ వస్తే రద్దు చేసే పద్ధతి ఒకటుంది. ఆఫ్టర్, ఆఫ్టర్-క్యాన్సిల్‌తో చేయొచ్చు. నాకు నచ్చదు. విండోస్‌లో రెండు నొక్కుల మధ్య గడువు మామూలుగా 500 మిల్లీసెకన్లు. ప్రతి మామూలు నొక్కూ అరసెకను ఆలస్యమైతే ప్రోగ్రాం మొద్దుబారినట్టుంటుంది. దానికన్నా, ఒకసారి నొక్కితే చెరువు రంగు మారేలా, రెండుసార్లు నొక్కితే లెక్క తెరుచుకునేలా పెట్టుకోండి. మొదటిది ఎలాగూ ముందు జరిగినా నష్టం లేదు.

6. కుడి బటన్, చక్రం

కుడి బటన్ విండోస్, లినక్స్‌లలో బటన్-3. మ్యాక్‌లో టీకే 8.6 వరకు అది బటన్-2. చక్రానికి మౌస్‌వీల్. విండోస్‌లో ఈవెంట్‌లోని డెల్టా (మన డెల్టా కాదు) ఒక్కో మెట్టుకు 120 లెక్కన, పైకి తిప్పితే ప్లస్, కిందికి తిప్పితే మైనస్ వస్తుంది. మ్యాక్‌లో 8.6 వరకు 1 లాంటి చిన్న అంకెలు వస్తాయి. లినక్స్‌లో 8.6 వరకు మౌస్‌వీల్ రాదు, పైకి బటన్-4, కిందికి బటన్-5 కట్టుకోవాలి.

చక్రంతో మాకు జరిగిన నష్టం చెప్తాను. మేత నంబరు ఎంచుకోవడానికి టీటీకే కాంబోబాక్స్ (జాబితాలోంచి ఒకటి ఎంచుకునే డబ్బా) పెట్టాను. పేజీని కిందికి జరుపుదామని చక్రం తిప్పినప్పుడు బాణం గుర్తు ఆ డబ్బా మీదుంటే, దాని విలువే మారిపోయేది. 2వ నంబరు మేత కాస్తా 3 అయి కూర్చునేది. దీన్ని ఆపాలంటే ఈవెంట్ ఎటు పారుతుందో తెలియాలి. ముందు ఆ వస్తువుకు మీరు కట్టిన ఫంక్షన్, తర్వాత ఆ జాతి వస్తువులన్నింటికీ టీకే కట్టినవి, తర్వాత అది ఉన్న విండోకు కట్టినవి, చివర్లో అన్నింటికీ కలిపి కట్టినవి. గోదావరి మీద విజ్జేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె మీదుగా శివారుకు చేరినట్టు. మధ్యలో తూము మూసేయాలంటే మీ ఫంక్షన్ నుంచి "బ్రేక్" అనే మాటను, చిన్నక్షరాల్లో, కోట్స్‌లో పెట్టి రిటర్న్ చేయండి. కాంబోబాక్స్‌కు మౌస్‌వీల్ కట్టి, లోపల ఆ ఒక్క లైను పెట్టాను. ఆ రోజునుంచి మేత నంబర్లు మారలేదు.

7. విండో సైజు మారినప్పుడు

ఇందుకు ఈవెంట్ కాన్ఫిగర్. కొత్త వెడల్పు, ఎత్తు అందులోనే ఉంటాయి. దీన్ని నేరుగా విండోకు కడితే, ఇందాక చెప్పిన పారుదల ప్రకారం, లోపలున్న ప్రతి బటన్, ప్రతి డబ్బా తాలూకు కాన్ఫిగర్ కూడా మీ ఫంక్షన్‌కే చేరుతుంది. వెడల్పు 80 అని, 1200 అని, మళ్లీ 80 అని వస్తుంటే నేను తల పట్టుకున్నాను. కాన్వాస్‌కే కట్టండి. విండోకే కట్టక తప్పదంటే ఈవెంట్‌లోని విడ్జెట్ (ఆ ఈవెంట్ ఏ వస్తువుదో చెప్పేది) మీ విండోయేనా అని మొదటి లైనులో చూసుకోండి.

అంచు పట్టుకుని లాగుతున్నంతసేపూ ఇది వరసపెట్టి వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ బొమ్మంతా మళ్లీ గీస్తే విండో వణుకుతుంది. అందుకని గీయడాన్ని 150 మిల్లీసెకన్లు వాయిదా వేయండి, ఈలోగా ఇంకో కాన్ఫిగర్ వస్తే పాత వాయిదాను రద్దుచేసి కొత్తది పెట్టండి. లాగడం ఆగాక ఒక్కసారే గీస్తుంది. చెరువుల కొలతలను మాత్రం పిక్సెళ్లలో దాచకండి. కాన్వాస్ వెడల్పులో ఎన్నో వంతు, ఎత్తులో ఎన్నో వంతు అని దాచుకుంటే ఏ సైజుకైనా గుణించి గీసుకోవచ్చు.

విండో ఇంకా తెర మీదికి రాకముందు దాని వెడల్పు అడిగితే 1 అని చెబుతుంది. తప్పు మీది కాదు, కాస్త ఆగి మొదటి కాన్ఫిగర్ వచ్చాక అడగండి.

8. విండో మూసినప్పుడు

మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కడాన్ని బైండ్‌తో పట్టుకోరు, ప్రోటోకాల్ అనే దానితో పట్టుకుంటారు. దానికిచ్చే పేరు డబ్ల్యూఎం, డిలీట్, విండో, అన్నీ పెద్దక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్లు. ఒకసారి ఇది కట్టాక మూసే బాధ్యత పూర్తిగా మీదే. మీ ఫంక్షన్‌లో డిస్ట్రాయ్ పిలవకపోతే విండో మూసుకోదు. నేను మొదటిసారి సేవ్ చేయడం రాసి డిస్ట్రాయ్ మరిచాను. బాబాయి ఇంటూ నొక్కి నొక్కి, చివరికి స్విచ్ కట్టేసి ఇంటికెళ్లిపోయాడు.

"మార్పులు సేవ్ చేయాలా?" అని అడగడానికి మెసేజ్‌బాక్స్‌లో ఆస్క్‌యెస్‌నోక్యాన్సిల్ ఉంది. జవాబు మూడు రకాలు: ట్రూ, ఫాల్స్, నన్. వద్దు అంటే ఫాల్స్, అసలు మూయడమే మానుకుంటే నన్. ఉత్త "ఇఫ్ నాట్" అని రాస్తే ఈ రెండూ ఒకటే అయిపోతాయి, క్యాన్సిల్ నొక్కినవాళ్ల లెక్కలు సేవ్ కాకుండానే విండో మూసుకుంటుంది. ముందు నన్ అవునో కాదో విడిగా చూడండి. డిస్ట్రాయ్ చేసే ముందు, వాయిదాలో ఉన్న ఆఫ్టర్లను కూడా రద్దు చేయండి. లేకపోతే అవి లేని విండో కోసం వెతికి ఎర్రర్ ఇస్తాయి.

ఇంతా చేశాక ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఏరేటర్లకు ఇచ్చారు, కంప్యూటర్‌కు యూపీఎస్ లేదు. కరెంటు పోవడానికి ఈవెంట్ అంటూ ఏదీ లేదు. మూసేటప్పుడు సేవ్ చేద్దామని దాచిన ఆ రోజు మేత లెక్కంతా పోయింది. అప్పటినుంచి ప్రతి మార్పు జరిగిన వెంటనే సేవ్ చేస్తున్నాను. అది కూడా అసలు ఫైలు మీద నేరుగా రాయను. పక్కన ఇంకో ఫైలులో పూర్తిగా రాసి, మూసి, ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో దాన్ని అసలు దాని స్థానంలోకి మారుస్తాను. రాస్తుండగా కరెంటు పోయినా పాత ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇలా చేశాక "సేవ్ చేయాలా?" అన్న ప్రశ్నే అనవసరమైంది. తీసేశాను.

9. ఎర్రర్లు ఎక్కడికి పోతున్నాయో చూసుకోండి

ఈవెంట్ ఫంక్షన్‌లో తప్పు జరిగితే ప్రోగ్రాం ఆగిపోదు. టికింటర్ ఆ ఎర్రర్‌ను నల్ల కిటికీలో (కన్సోల్‌లో) అచ్చేసి తన పాటికి తాను ముందుకెళ్తుంది. బాబాయికి ఇచ్చేటప్పుడు ఆ నల్ల కిటికీ కనపడకూడదని ఫైలు పేరు చివర డబ్ల్యూ తగిలిస్తాం కదా, అప్పుడు ఎర్రర్లు గాలిలో కలిసిపోతాయి. ఆయనకు "నొక్కితే ఏం జరగట్లేదు" అన్నది తప్ప మరేం తెలియదు. ప్రధాన విండోకు రిపోర్ట్-కాల్‌బ్యాక్-ఎక్సెప్షన్ అని ఒకటుంది. దాని స్థానంలో మీ ఫంక్షన్ పెట్టి, ఎర్రర్‌ను తేదీ, సమయంతో ఒక ఫైలులోకి రాయించండి. ఆ ఫైలును వాట్సాప్‌లో పంపమంటే చాలు, కాళ్ల దాకా వెళ్లక్కర్లేదు.

ఇచ్చే ముందు పరీక్ష ఇలా చేయండి. మౌస్ వాళ్ల చేతికిచ్చి వెనక కూర్చోండి, నోరు తెరవకండి. గట్టు మీద నొక్కనివ్వండి, మూడుసార్లు నొక్కనివ్వండి, చెరువును విండో బయటికి లాగి వదలనివ్వండి, విండోను అగ్గిపెట్టెంత చేయనివ్వండి. ఆఖర్న కంప్యూటర్ ప్లగ్ మీరే పీకేసి, మళ్లీ పెట్టి, నాలుగో చెరువు లెక్క తెరవమనండి.